మా డీసీఎం మూలుగు

మా ఇంట్లో సంపాదించేవాళ్ళు ఇద్దరు. ఒకరు మా ఆయన, రెండోది మా డీసీఎం. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, అత్తమ్మ బీపీ మందులు అన్నీ ఆ ఇద్దరి మీదే నడుస్తాయి. నేను బ్లౌజులు కుడితే వచ్చేది పాలకీ కూరగాయలకీ సరిపోతుంది, అంతే.

డీసీఎం అంటే ఏమిటని మా గుంటూరు స్నేహితురాలు ఒకసారి అడిగింది. మన హైదరాబాద్‌లో ఆటో ట్రాలీ కంటే పెద్దది, లారీ కంటే చిన్నది ఏది కనపడినా డీసీఎం అనేస్తాం. అసలు ఆ పేరు ఢిల్లీ క్లాత్ మిల్స్ అనే బట్టల మిల్లు కంపెనీది. 1980లలో వాళ్ళు జపాన్ టయోటాతో కలిసి ట్రక్కులు చేశారు, డీసీఎం టయోటా అని. తర్వాత ఆ కంపెనీ కొరియా దేవూ చేతికి పోయింది, ఆ ట్రక్కులూ పోయాయి, పేరు మాత్రం మన దగ్గర ఉండిపోయింది. ఆ రోజుల్లోనే ఫ్రిజ్‌లు, వాచీలు చేసిన మన హైదరాబాద్ ఆల్విన్ కూడా నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ట్రక్కులు చేసిందని చెబితే మా పిల్లలు నమ్మలేదు. మాది నిజానికి ఐషర్ బండి, 2011 మోడల్. అయినా మా ఇంట్లో, అడ్డాలో, గోడౌన్ల గేట్ల దగ్గర అందరికీ డీసీఎమ్మే.

ఏపీ నంబరు ప్లేటుతో వచ్చింది. దాని తర్వాత టీఎస్ వచ్చింది, ఇప్పుడు టీజీ నడుస్తోంది. అది మాత్రం అదే ప్లేటుతో తిరుగుతూనే ఉంది. రోడ్డు మీద కొత్త బండ్ల పక్కన ఆ ప్లేటు చూస్తే నాకు మా పెళ్ళి నాటి రేషన్ కార్డు గుర్తొస్తుంది.

మేముండేది నాచారం నుంచి మల్లాపూర్ పోయే వైపు. మా ఆయనకు కిరాయిలన్నీ ఎక్కువగా ఇటే దొరుకుతాయి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో సరుకు ఎక్కించుకుని ఉప్పల్ రింగ్ రోడ్డు మీదుగా వరంగల్ హైవే ఎక్కుతారు. ఘట్‌కేసర్, భువనగిరి, ఒక్కోసారి జనగామ. ఆ దారి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్‌కు 2018లో పని మొదలుపెట్టారు, అప్పట్నుంచి ఆ పిల్లర్ల పక్కన గుంతల్లో దిగుతూ ఎక్కుతూ పోవడమే. ఇక కంపెనీల లోపలి గల్లీలైతే బండి తిప్పుకునే జాగా ఉండదు. గేటులోకి రివర్సు పెట్టాలంటే స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి నాలుగైదు సార్లు తిప్పాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా బండికి వచ్చిన జబ్బు అక్కడే ఎక్కువ బయటపడేది.

పోయినేడు ఎండాకాలం. పొద్దున్నే అయిదున్నరకు బండి స్టార్ట్ చేస్తే ఇంజిన్ చప్పుడు వెనకాల ఇంకో చప్పుడు వినపడటం మొదలైంది. సన్నగా, ముక్కుతో మూలిగినట్టు. ఎక్సలేటర్ తొక్కితే ఆ మూలుగు పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడైతే ఏదో పశువు బాధతో అరిచినట్టే. మా అత్తమ్మ మొదటిసారి విని "ఎవరిదో దూడ తప్పిపోయినట్టుంది" అన్నది.

వంటింట్లో ఉండే ఆడవాళ్ళకు చప్పుళ్ళతోనే కాపురం. కుక్కర్ విజిల్ వేసేముందు చేసే బుస వేరు, గాస్కెట్ వదిలేసినప్పుడు వచ్చే బుస వేరు. మిక్సీలో చింతగింజ పడ్డా, మినప్పప్పు గట్టిగా అయిపోయినా చూడకుండానే చెప్పేస్తాం. అందుకని ఆ మూలుగు నాకు రోజూ చెవిలో ముల్లులా ఉండేది.

"ఏమండీ, బండి ఎందుకట్ల అరుస్తుంది?" అంటే, "పాతబడ్డది కదా, ఏం గాదు తియ్" అనేవారు. రెండోసారి అడిగితే "సీజన్ నడుస్తుంది. ఇప్పుడు బండి షెడ్డుల పెడితే కిరాయి వేరేటోనికి పోతది" అన్నారు. అది అబద్ధం కాదు. ఒక్కసారి వేరే బండి అలవాటైతే ఆ గోడౌన్ సూపర్‌వైజర్ మళ్ళీ మనకు ఫోన్ చేయడు.

అడ్డాలో ఎవరో స్టీరింగ్ ఆయిల్ తగ్గిందేమో చూడమన్నారట. పోశారు. రెండు రోజులు చప్పుడు తగ్గి మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోశారు, మళ్ళీ వచ్చింది. ఈసారి స్టీరింగ్ బరువు కూడా అయింది. చివరికి ఉప్పల్‌లో మేం ఎప్పుడూ చూపించే షెడ్డుకు తీసుకెళ్తే, ఆ మెకానిక్ బానెట్ దగ్గర చెవి పెట్టి ఒక్క నిమిషం విని, "పవర్ స్టీరింగ్ పంపు పోయింది అన్నా. కొత్తది పదకొండున్నర వేలు, మజూరీ పదిహేను వందలు, ఆయిల్ వేరే" అని చెప్పేశాడు. ఆయన్ను తప్పు పట్టను. షెడ్డు ముందు ఆరు బండ్లు నిలబడి ఉంటే ఒక్కో పైపు విప్పి చూసే తీరిక ఎవరికుంటుంది? కొత్త పంపు వేస్తే చప్పుడు పోతుంది, బండి తిరిగి రాదు, మాట రాదు.

కానీ అది మే చివరి వారం. జూన్ పన్నెండుకు బళ్ళు తెరుస్తారు. పెద్దవాడిది ఇంటర్ మొదటి సంవత్సరం ఫీజులో మొదటి వాయిదా, చిన్నదానివి పుస్తకాలు, యూనిఫాం. నా లెక్కల పుస్తకంలో జూన్ పేజీ అప్పటికే నిండిపోయి ఉంది. పదమూడు వేలు ఎక్కడ రాయను?

ఆ రాత్రే అనుకుంటా, మా వాటాకు ఉన్న సంపు మోటారు నాకో దారి చూపించింది. మా గల్లీలో నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఎండాకాలం సంపులో నీళ్ళు అడుగంటితే మోటారు గొంతు మారిపోతుంది. అప్పటిదాకా గుర్రుమని తిరిగేది కాస్తా సన్నగా, గరగరా అరుస్తుంది. పైన ట్యాంకులోకి నీళ్ళు తుంపరలుగా, గాలితో కలిసి దగ్గుతూ పడతాయి. మోటారు పాడైందా అంటే కాలేదు, దానికి నీళ్ళు అందక గాలి పీలుస్తోంది. ఒక్కోసారి సంపు నిండా నీళ్ళున్నా అదే చప్పుడు వస్తుంది. అప్పుడు పీల్చే పైపు జాయింటు దగ్గర ఎక్కడో సందు ఉందని అర్థం. మా ఇంటి ఓనరమ్మ ఆ జాయింటుకు తెల్ల టేపు చుట్టిస్తే చప్పుడు ఆగిపోతుంది. మోటారు మార్చే పని లేదు.

బండి పంపు కూడా పంపే కదా అనిపించింది.

మా మేనమామ ఉప్పల్ ఆర్టీసీ వర్క్‌షాప్‌లో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. రామంతాపూర్‌లో ఉంటారు. పొద్దున్నే ఫోన్ చేశాను. ఆయన చప్పుడు ఎలా ఉందని కూడా అడగలేదు. "డబ్బా మూత తీసి చూసిన్రా బిడ్డా? ఆయిల్ ఏ రంగుల ఉంది? నురుగు ఉందా?" అన్నారు. బండి వచ్చాక నేనే టార్చి పట్టుకుని చూశాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గులాబీ రంగు మజ్జిగలా, పైన చిన్న చిన్న బుడగలతో ఉంది. ఇంజిన్ ఆపి పావుగంట ఆగితే బుడగలు చచ్చి మళ్ళీ ఎరుపు తేలింది. అది చెప్పగానే మామయ్య, "పంపు తర్వాత సంగతి. అది గాలి తాగుతుంది. ఆదివారం వస్త, అల్లునికి కిరాయి పెట్టుకోవద్దని చెప్పు" అన్నారు.

ఆదివారం పొద్దున టీ తాగుతూ మామయ్య నాకూ పిల్లలకూ అర్థమయ్యేట్టు చెప్పినదాన్ని నాకు గుర్తున్నంత రాస్తాను. మీలో చాలామంది ఇళ్ళల్లో కారో, వ్యానో ఉంటుంది. పాత కార్లలో కూడా ఇదే పద్ధతి. ఇప్పుడొచ్చే చిన్న కార్లలో చాలావాటికి కరెంటు మోటారు స్టీరింగే కాబట్టి ఈ ఆయిల్ గొడవ ఉండదు.

పవర్ స్టీరింగ్ అంటే చక్రాలను మన బదులు ఆయిల్ తోయడం. పైన ఒక డబ్బాలో ఆయిల్ ఉంటుంది. అక్కడి నుంచి ఒక రబ్బరు పైపు ద్వారా పంపు దాన్ని పీల్చుకుంటుంది. ఆ పంపును తిప్పేది ఇంజినే, కొన్ని బండ్లలో బెల్టుతో, కొన్నింటిలో గేరుతో. అందుకే ఎక్సలేటర్ తొక్కినకొద్దీ మూలుగు పెరుగుతుంది. పంపులో ఒక గుండ్రటి చట్రం, దానికి గాడులు, గాడుల్లో పలచని రేకులు. తిరుగుతుంటే ఆ రేకులు బయటికి జరిగి గోడకు రాసుకుంటూ ఆయిల్‌ను ముందుకు నెడతాయి. ఎంత బలంగానంటే, మన కుక్కర్‌లో విజిల్ వేసేటప్పుడు ఉండే ప్రెషర్ దాదాపు ఒక బార్ అయితే, ట్రక్కు స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పినప్పుడు ఈ పైపులో వంద బార్ పైనే ఉంటుందట. అందుకని ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపు కారుతోందేమోనని చేత్తో తడమొద్దని మామయ్య పిల్లల్ని గట్టిగా హెచ్చరించారు. సన్నటి చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి సూదిలా దిగిపోతుంది.

ఆయిల్‌లో గాలి బుడగలుంటే అవి ఆ ఒత్తిడికి పంపు లోపల టప్పుమని నలుగుతాయి. ఒకటీ రెండూ కాదు, వేలు. ఆ చప్పుడే మనకు వినపడే మూలుగు. అలా నలిగినప్పుడల్లా లోపలి ఇనుము కొంచెం కొంచెం చెక్కుకుపోతుంది. అంటే పంపు చెడిపోవడం వల్ల చప్పుడు రావచ్చు, గాలి చప్పుడును పట్టించుకోకపోతే పంపు చెడిపోనూ వచ్చు. రెండోది ముందు చూసుకోవాలి, ఎందుకంటే అది చవక.

"మరి గాలి లోపలికి పోతే ఆయిల్ బయటికి కారాలి కదా తాతయ్యా, కింద మరక లేదుగా" అని మా పెద్దవాడు అడిగాడు. మంచి ప్రశ్నే. పంపు తర్వాత ఉండే పైపుకు చిల్లు పడితే ఆయిల్ బయటికి చిమ్ముతుంది, మరక కనపడుతుంది. పంపుకు ముందుండే పైపు మాత్రం పీల్చే పైపు. దానికి బీట ఉంటే ఆయిల్ పెద్దగా బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. స్ట్రాకు పైన చిన్న చిల్లు పడితే కొబ్బరినీళ్ళు కారవు, నోట్లోకి గాలి వస్తుంది చూడండి, అట్లా.

ఇక మామయ్య పని మొదలుపెట్టారు. ఇంజిన్ ఆన్ చేయించి, ఆ పీల్చే పైపు రెండు చివర్లా క్లిప్పుల దగ్గర వేలితో కాస్త గ్రీజు పూశారు. డబ్బా వైపు పూస్తే ఏమీ లేదు. పంపు వైపు పూయగానే మూలుగు సగానికి పడిపోయింది. అయిదారు సెకన్లు. గ్రీజు లోపలికి గుంజుకోగానే మళ్ళీ మొదలు. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. ఆ చప్పుడుతో రెండు నెలలు తిరిగిన మనిషి.

పైపు విప్పి వంచి చూస్తే క్లిప్పు కింద రబ్బరు ఎండి, పాదం పగుళ్ళలా బీటలు. ఇంజిన్ వేడికి ఇన్నేళ్ళు కాలీ కాలీ గట్టిపడిపోయింది. డబ్బా అడుగున ఉండే జాలీ నల్లటి జిడ్డుతో మూసుకుపోయి ఉంది. అంటే ఒకవైపు ఆయిల్ సరిగా అందట్లేదు, ఇంకోవైపు గాలి దూరుతోంది. పైపు, రెండు కొత్త క్లిప్పులు, జాలీ ఉన్న డబ్బా, మూడు లీటర్ల ఆయిల్, అన్నీ కలిపి రెండు వేల నూట యాభై అయింది. పెద్దవాడు రాణిగంజ్ పోయి తెచ్చాడు. మామూలు రబ్బరు పైపు తేవద్దు, ఆయిల్ పైపే అడుగు అని మామయ్య పాత ముక్క చేతిలో పెట్టి పంపారు. ఆయిల్ కూడా బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. చేతికి దొరికిందని బ్రేక్ ఆయిల్ పోసేవాళ్ళు ఉంటారట, దానితో లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి.

ఇక్కడిదాకా అంతా సాఫీగా జరిగింది.

పాత ఆయిల్ వంపేసి, కొత్తది పోశాక, లోపల ఇరుక్కున్న గాలిని బయటికి తోలాలి. అందుకు ముందు చక్రాలు రెండూ జాకీ మీద లేపి, కింద దిమ్మలు పెట్టి, ఇంజిన్ ఆపి ఉంచి, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా పదిహేను ఇరవై సార్లు తిప్పాలి. ఒకరు తిప్పుతుంటే ఒకరు డబ్బాలో బుడగలు చూస్తూ ఆయిల్ పోస్తుండాలి. మామయ్య డబ్బా దగ్గర నిలబడి "తిప్పు అల్లుడూ" అన్నారు.

మా ఆయన సీట్లో కూర్చుని ఎడమ చేత్తో తిప్పుతున్నారు. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది. ఇంజిన్ లేకుండా స్టీరింగ్ బరువుగా ఉంటుంది కదా, ఒక్క చేత్తో ఎందుకు అనుకున్నాను. మూడోసారికి రెండో చెయ్యి పైకి లేపబోయి, సగంలో ఆగి, పెదవి కొరుక్కున్నారు. కింద నుంచి నేను చూశాను. మామయ్య కూడా చూశారు. ఏమీ అనకుండా "దిగు అల్లుడూ, పోరగాణ్ణి ఎక్కనీ" అన్నారు. మా పెద్దవాడు ఎక్కి ఇరవై సార్లు తిప్పాడు, చెమటలు కక్కుతూ.

తర్వాత ఇంజిన్ ఆన్ చేసి మళ్ళీ మెల్లగా తిప్పారు. కొసకు తిప్పి అక్కడే గట్టిగా పట్టుకోకూడదట, క్షణం తాకించి వదిలేయాలి. కొస దగ్గర చిన్న బుసలాంటి చప్పుడు వస్తే అది మామూలే, ఎక్కువైన ఒత్తిడిని వదిలే వాల్వు చేసే చప్పుడు. మా బండి మూలుగు ముప్పావు వంతు పోయింది. మొత్తం పోలేదు. "రెండు నెలలు గాలి తాగింది కదా, లోపట కొంచెం తిన్నది. కానీ పని చేస్తది. దసరాదాక నడిపియ్యండి, పైసలు చూసుకుని అప్పుడు పంపు మార్చుకోండి" అని మామయ్య తేల్చారు.

అన్నాలు తిన్నాక అడిగాను. చెయ్యి ఎన్నాళ్ళ నుంచి? "ఉగాది కాడి నుంచి" అన్నారు. అంటే చప్పుడు కంటే ముందే. రాత్రి ఆ వైపు పడుకోలేకపోతున్నారట. చొక్కా వేసుకునేటప్పుడు ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని దూర్చుతున్నారట. స్టీరింగ్ బరువయ్యాక ఇంకా ఎక్కువైంది. "చెప్తే దవాఖాన అంటవ్, దవాఖాన పోతే ఆరాం చెయ్ అంటరు, ఆరాం చేస్తే బండి ఎవరు నడపాలె?" ఇదీ వాదన. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అత్తమ్మ ముందు రెండూ మింగేశాను. మామయ్య మాత్రం వెళ్ళేటప్పుడు ఆయన భుజం మీద చెయ్యి వేసి "ఇంజిన్ బంద్ అయితే స్టీరింగ్ తిరుగుతది అల్లుడా, బరువుగా తిరుగుతది. గుంతల లోడు బండిని ఒక్క చేత్తోని ఆపలేవు" అన్నారు. నేను వంద మాటలు అన్నా పనిచేయనిది ఆ ఒక్క మాట పనిచేసింది.

నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి మా ఇంటికి దగ్గరే. చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసేవాళ్ళంతా కార్డు పట్టుకుని అక్కడికే పోతారు. ఆ కంపెనీల సరుకు మోసే మా ఆయనకు మాత్రం ఆ కార్డు లేదు. సొంత బండి కదా, జీతం లేదు, జీతంలోంచి కోత లేదు, కార్డూ లేదు. ఈ లెక్క నాకెప్పటికీ మింగుడుపడదు. బయట డాక్టరుకే చూపించాం.

డాక్టరు చెయ్యిని ముందుకు, పక్కకు, వెనక్కు లేపించి చూసి, భుజం కీలు బిగుసుకుపోయిందన్నారు. ఫ్రోజెన్ షోల్డర్. స్టీరింగ్ వల్లేనా అని నేను అడిగాను. బరువు లాగడం వల్ల నొప్పి పెరిగి ఉండొచ్చు గానీ అదొక్కటే కాదన్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న వేరే: "షుగర్ ఎప్పుడైనా చూపించుకున్నారా?" ఇది షుగర్ ఉన్నవాళ్ళకు ఎక్కువగా వస్తుందట. మా ఆయనకు నలభై ఆరు. ఎప్పుడూ చూపించుకోలేదు. మర్నాడు పరగడుపున రక్తం ఇస్తే 212 వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష 9.1.

ఆ కాగితం పట్టుకుని ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద ఆటో కోసం నిలబడ్డాం. ఆయన ఏమీ మాట్లాడలేదు. వాళ్ళ నాన్నకు షుగర్‌తో కాలి వేలు తీసేశారు, అది ఇద్దరికీ గుర్తొచ్చింది, ఇద్దరం అనలేదు. కాసేపటికి "అన్నం మానెయ్యాల్నా?" అన్నారు. తగ్గించాలన్నాను. "జొన్న రొట్టె అంటే నాకిష్టమే" అన్నారు. అంతే, ఆ రోజుకు ఆ సంగతి అయిపోయింది.

ఇరవై రోజులు వేరే డ్రైవర్‌ను పెట్టాం. రోజుకు తొమ్మిది వందలు, భోజనం మాది. మా ఆయన పక్క సీట్లో కూర్చుని గేట్ల దగ్గర తన ముఖం కనపడేట్టు చూసుకున్నారు, కిరాయిలు చేజారకుండా. పైపు మార్చాక స్టీరింగ్ తేలికైంది కాబట్టే తర్వాత మళ్ళీ నడపడానికి డాక్టరు ఒప్పుకున్నారు, అదీ దగ్గర ట్రిప్పులే. గోడ మీద వేళ్ళతో పాకించే వ్యాయామం పొద్దున పది, సాయంత్రం పది. మా చిన్నది గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టింది, నాన్న వేళ్ళు ఎంతదాకా పోయాయో తేదీతో సహా. ఓనరమ్మ చూసి ఏమంటుందో అని భయపడ్డాను గానీ, ఆవిడ విషయం విని "సున్నం నేనే వేయిస్తలే" అన్నది. చెయ్యి పూర్తిగా లేవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

పంపు దసరాకు కొన్నాం. అప్పటికి రేటు ఇంకో ఎనిమిది వందలు పెరిగింది. ఆ షెడ్డు మెకానిక్కే బిగించాడు. పైపు సంగతి చెబితే నవ్వి, "మీ మామను ఇటు పంపియ్ వదినా, మా పోరగాళ్ళకు నేర్పుతడు" అన్నాడు. పాత పంపును మామయ్య విప్పి చూపించారు. లోపలి గోడ మీద గోళ్ళతో గీరినట్టు చారలు, రెండు రేకుల అంచులు కొరికినట్టు ఉన్నాయి. ఆయుధ పూజ రోజు బండికి గుమ్మడికాయ కొట్టి, ఆ మధ్యాహ్నమే పాత పంపును పాత ఇనుప సామాను వాడికి ఇచ్చేశాం. నూట నలభై రూపాయలు వచ్చాయి. చిన్నది ఒక రేకు దాచుకుంది, కంపాస్ బాక్సులో ఉంది.

మామయ్య చెప్పినట్టు ప్రతి రెండో ఆదివారం డబ్బా మూత తీసి చూస్తున్నాం. నా లెక్కల పుస్తకం చివరి పేజీలో రెండు గీతలు గీసి ఒకవైపు బండిది, ఇంకోవైపు ఆయనది రాస్తున్నాను. మొన్న ఆదివారం రాసింది: ఆయిల్ గీత దగ్గరే ఉంది, ఎర్రగా ఉంది, నురుగు లేదు. షుగర్ పరగడుపున 128.